వసంతకాలపు భోజనం: జగన్నాథపురంలో బోర్డు లేని ఒక మెస్

కాకినాడలో భోజనం ఎక్కడ బాగుంటుందని బయటి ఊరివారు అడిగితే మనలో చాలామంది నోట వచ్చే మొదటి మాట సుబ్బయ్య గారి హోటల్. అరిటాకు నిండా పరుచుకునే ఆ వంటకాలకూ, కొసరి కొసరి వడ్డించే ఆ మర్యాదకూ వచ్చిన పేరు న్యాయమైనదే. నేను ఇప్పుడు రాస్తున్నది అంత పేరు లేని చోటు గురించి. ఒకప్పుడు డచ్చివారి వర్తక స్థావరంగా ఉన్న జగన్నాథపురంలో, వంతెన దాటాక ఉప్పుటేరుకు దగ్గరగా ఉన్న ఒక సందులో, పాత పెంకుటింటి వరండాలో నడిచే చిన్న మెస్ ఇది. బోర్డు లేదు, మెనూ కార్డు లేదు, ఫోనులో ఆర్డరు తీసుకునే అలవాటూ లేదు. అయినా శివరాత్రి వెళ్ళిన దగ్గర నుంచి వైశాఖం మొదలయ్యే వరకు ఈ ఊళ్ళో మధ్యాహ్న భోజనానికి ఇంతకంటే మంచి చోటు లేదన్నది నా గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి కారణాలు కొంచెం వివరంగా చెప్పాలి.

మెస్‌ను నడిపేది ఒక కుటుంబం. వంట అత్తగారిదీ కోడలిదీ, వడ్డన కొడుకుది. ఆకులో పడేవి ఒక పప్పు, ఒక కూర, ఒక పచ్చడి, చారు, పెరుగు. ఆదివారం మాత్రం చేపో రొయ్యో అదనంగా ఉంటుంది. మామూలు భోజనం 120 రూపాయలు. ఈ రోజు ఏం వండారని అడిగితే పొద్దున బజారులో ఏది బాగుంటే అదే వండామని చెబుతారు. ఈ మాట చాలా హోటళ్ళవారు అంటారు కానీ, వసంతకాలంలో వరుసగా ఇక్కడ తిన్నవారికి మాత్రమే అందులో ఎంత నిజముందో తెలుస్తుంది. మనం ఉగాది రోజున పచ్చడిలో ఆరు రుచులూ ఒక్క చెంచాడు నోట్లో వేసుకుని ఆ సంవత్సరానికి సరిపెట్టుకుంటాం. ఈ వంటింట్లో ఆ రుచులే ఒక్కొక్కటిగా విడివడి, రెండు నెలల పాటు రోజుకొక వంటకంలో మన ముందుకు వస్తాయి.

పులుపుతో మొదలు పెడతాను, ఎందుకంటే ఇక్కడ వసంతం మామిడి పిందెతోనే మొదలవుతుంది. ఫాల్గుణంలో సముద్రం మీది గాలి కాస్త గట్టిగా వీచిన మర్నాడు, రాలిన పిందెలను కొని తెచ్చి, వాటిని చిన్న ముక్కలుగా తరిగి, ఆవపిండి, కారం, నూనె కలిపి అప్పటికప్పుడు పచ్చడి చేస్తారు. ఆ పిందెలో పులుపు కంటే వగరు ఎక్కువ, అది వేడి అన్నంలో నెయ్యితో కలిసినప్పుడు నోరంతా మేలుకుంటుంది. మరో పది పదిహేను రోజులకు కాయ కొంచెం ఎదుగుతుంది కానీ లోపలి టెంక ఇంకా ముదరదు. మామిడికాయ పప్పుకు సరైన అదను అదేనని ఆ అత్తగారు చెబుతారు. ఆమె చేతి పప్పు తిన్నాక నేనూ ఒప్పుకున్నాను. ముక్క పూర్తిగా కరిగిపోకుండా, కందిపప్పులో ఒదిగి, గరిటెతో తీసినప్పుడు ఆకారం నిలిచి, వేలితో నొక్కగానే మెత్తగా విడిపోయే స్థితిలో పప్పును దించుతారు. ఆ తరువాత కొత్తపల్లి కొబ్బరి అనే రకం మామిడికాయలు దిగుతాయి. వాటితో కోనసీమ కొబ్బరి తురుము కలిపి రుబ్బిన పచ్చడి వారంలో రెండు మూడు సార్లు ఉంటుంది, అది ఉన్న రోజు నేను కూర జోలికి వెళ్ళకుండానే సగం అన్నం ముగిస్తాను. ఇక కాయలో టెంక గట్టిపడి, ఊరంతా ఆవకాయ గురించి మాట్లాడుకునే సమయానికి ఈ వంటింట్లో మామిడి పప్పు ఆగిపోతుంది. కాయ ముదిరాక పప్పులో వేయడం ఆమెకు ఇష్టం ఉండదు. బజారులో కాయలు కుప్పలుగా పోసి ఉన్నా సరే, ఆ మాట మీదే నిలబడతారు.

పనసపొట్టు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గోదావరి జిల్లాల్లో ఈ కూర పెళ్ళిళ్ళలోనూ కార్తీక సమారాధనల్లోనూ అందరూ తిన్నదే, కానీ పెద్ద వంటలో ఆవ ఘాటు నిలబెట్టడం కష్టం. ఇక్కడ పనసకాయ కొట్టే పని కొడుకుది. గింజ ఇంకా పట్టని లేత కాయను ఎంచుకుని, చేతికీ కత్తికీ నూనె రాసుకుని, ముళ్ళ చెక్కు తీసి, కారే పాలను తుడిచి, కాయను చెక్కపలక మీద నిలబెట్టి అడ్డంగా నిలువుగా గాట్లు పెడుతూ కొడతాడు. పొట్టు కొబ్బరి తురుము కంటే కాస్త ముతకగా, అంతా ఒకే తీరుగా రావాలి; అక్కడక్కడ పెద్ద ముక్కలు ఉండిపోతే కొంత ఉడికి కొంత ఉడకక కూర చెడుతుంది. కొట్టిన పొట్టు నల్లబడకుండా పసుపు నీళ్ళలో వేసి, ఉడికించి, నీరంతా పిండేస్తారు. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, జీడిపప్పు వేసిన పోపులో దాన్ని కలిపి, కొత్త చింతపండు గుజ్జు పోస్తారు. ఆ కాలానికి కొత్త చింతపండు బజారుకు వచ్చి ఉంటుంది. పాతదానిలా నల్లగా కాకుండా ఎర్రగా, కొంచెం తీపి కలిసిన పులుపుతో ఉంటుంది కాబట్టి కూర రంగు చెడదు. ఆవ మాత్రం పొయ్యి మీద ఉండగా వేయరు. ఆవపిండి నీటితో కలిసినప్పుడు పుట్టే ఘాటు వేడికి నిలవదు, అందుకని కూర దించి, ఆవిరి తగ్గాక, అప్పుడే నూరిన ఆవముద్ద కలిపి మూత పెడతారు. వడ్డన మొదలైన అరగంటలోపు వెళ్ళినవారికి ఆ ఘాటు ముక్కు దాకా తగులుతుంది. రెండు గంటలకు వెళ్ళినవారికి కూర బాగానే ఉంటుంది కానీ ఆ ప్రాణం ఉండదు. పనసపొట్టు ఉన్న రోజు పన్నెండున్నరకే చేరుకోవాలని నా సలహా.

చేదు విషయంలో ఈ మెస్ చూపించే ధైర్యం నాకు అన్నిటికంటే నచ్చింది. డబ్బు తీసుకుని భోజనం పెట్టేవారు సాధారణంగా చేదు జోలికి పోరు, కాకరకాయ వండినా బెల్లంతో దాని నోరు నొక్కేస్తారు. ఇక్కడ చైత్రంలో వేపపువ్వు చారు పెడతారు. పెరట్లో వేపచెట్టు ఉంది. రాత్రి పడుకోబోయే ముందు దాని కింద పాత నేతచీర పరిచి, తెల్లవారేసరికి రాలిన పువ్వును పోగుచేసి, చేటలో పోసి ఈనెలూ ఆకులూ ఏరి నీడన ఆరబెడతారు. ఒకసారి ముందుగా వెళ్ళినప్పుడు ఆ పువ్వును అరచేతిలోకి తీసుకుని చూశాను. ఒక్కొక్కటి సన్నని అయిదు తెల్లటి రేకులతో, మధ్యలో లేత పసుపు కాడతో, బియ్యపు గింజ కంటే పెద్దది కాదు; దగ్గర పెట్టుకుంటే తేనె వాసన. దాన్ని నేతిలో వేసి కాఫీ గింజ రంగు వచ్చే వరకు వేయించి, మిరియాలు వేసి కాచిన పల్చని చింతపండు చారులో చివరన కలుపుతారు. మొదటి గుక్కలో నెయ్యి, మిరియం మాత్రమే తెలుస్తాయి. చేదు ఆ తరువాత గొంతులో నెమ్మదిగా వచ్చి, మజ్జిగ తాగాక కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది. పక్క బల్ల మీద కూర్చున్న ఒక కుర్రవాడు మొహం చిట్లిస్తే, వడ్డించే ఆయన, “ఆయ్, ఇంకో గుక్క పుచ్చుకోండి బాబూ, అప్పుడు బాగుంటుందండీ,” అని నవ్వుతూ మరో గరిటె పోశారు. ఆ కుర్రవాడు దాన్నీ తాగి, మళ్ళీ అడిగి పోయించుకున్నాడు.

నా జీవితంలో చాలా భాగం ఇదే ఊళ్ళో గడిచింది. ఉద్యోగం చేసిన రోజుల్లో వసంతం అంటే మార్చి నెలాఖరు లెక్కలు, పిల్లల పరీక్షలు; మల్లెపూల ధర ఎప్పుడు తగ్గిందో, కోయిల ఎప్పుడు కూసిందో పట్టించుకునే తీరిక లేదు. ఇప్పుడు ఈ వరండాలో కూర్చుని తింటున్నప్పుడు ఏ పక్షంలో ఉన్నామో ఆకు చూస్తే తెలుస్తుంది. ఆ తెలియడంలో నాకు చెప్పలేనంత నెమ్మది ఉంది. చేదు, వగరు ఏమాత్రం తగ్గించకుండా వడ్డించే చోట తినడం మొదలుపెట్టాక, మా ఇంట్లో నాయనమ్మ ఉగాది పచ్చడిని ముఖం చిట్లించకుండా తాగమని ఎందుకు పట్టుబట్టేదో నాకు అర్థమైంది. చిన్నతనంలో అది కేవలం క్రమశిక్షణ అనుకున్నాను. ఏ రుచినీ తక్కువ చేయకూడదన్న మర్యాదను ఆవిడ మాకు అలా నేర్పిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆదివారపు భోజనానికి సముద్రంతో సంబంధం ఉంది కాబట్టి అది వేరే కథ. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండడం వల్ల కాకినాడ దగ్గర సముద్రం ఉప్పాడలో ఉన్నంత ఉధృతంగా ఉండదు, పడవలు నిలవడానికి అనువైన చోటు. ఏప్రిల్ మొదటి పక్షం దాకా ఆదివారాల్లో పచ్చి చేప దొరుకుతుంది, పిందె మామిడి వేసిన రొయ్యల ఇగురు ఉంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరపడవల వేటను 61 రోజుల పాటు నిలిపివేస్తారు. ఆ రోజుల్లో చాలాచోట్ల ఐసు పెట్టెల్లో నిలవ ఉన్న చేపతో నెట్టుకొస్తారు. ఈ ఇంటివారు మాత్రం పచ్చి చేపను పక్కన పెట్టి ఎండు మెత్తళ్ళకు మారిపోతారు. తలలు గిల్లి, ఇసుక పోయేలా వేడినీళ్ళలో కడిగి, దోరగా వేయించిన మెత్తళ్ళను మామిడికాయ ముక్కలతో, ఎక్కువ ఉల్లిపాయతో, ఉప్పు చాలా తక్కువగా వేసి వండుతారు. చేపలోని ఉప్పూ కాయలోని పులుపూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. పచ్చి చేప లేని లోటు తెలియనివ్వదని చెప్పడం చిన్నమాట. రొయ్యల ఇగురు కంటే నాకు ఈ కూరే ఎక్కువ ఇష్టం.

లోపాలు లేవని అనను. అన్నం ప్రతిరోజూ ఒకే తీరుగా ఉండదు. దాళ్వా (రబీ వరి) కోతలు మొదలై కొత్త బియ్యం బజారులోకి వచ్చాక, పాత బియ్యంలో కొత్తవి కలిసిన రోజుల్లో అన్నం ముద్దకట్టి, చారులో గంజిలా మారుతుంది. అంత శ్రద్ధగా కూర వండేవారు బియ్యం దగ్గర ఈ మాత్రం జాగ్రత్త తీసుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ మాట వారితోనూ చెప్పాను. పెరుగు ఆలస్యంగా వెళ్ళినవారికి పల్చబడుతుంది. వరండాలో బల్లలు తక్కువ, ఎండ ముదిరే కొద్దీ నిలబడి ఎదురుచూడటం పెద్దవారికి కష్టం, చేతులు కడుక్కునే చోట నేల జారుడుగా ఉంటుంది. ఏప్రిల్ చివర్లో డెల్టా కాలువలు కట్టేశాక ఆకుకూరలు పలచబడతాయి, అప్పుడు వరుసగా మునగకాయ, దోసకాయ తప్ప మరొకటి కనిపించని వారం కూడా ఉంటుంది. మునగకాయ మంచి అదనులో ఉంటుంది కాబట్టి నాకు అభ్యంతరం లేదు, మార్పు కోరేవారికి మాత్రం విసుగు పుట్టవచ్చు.

ఉగాది నాడు భోజనం ఉండదు, ఆ రోజు ఇంటివారికి పండుగ. ముందు రోజు చెప్పి ఉంచితే బొబ్బట్లు చేసి ఇస్తారు. పూర్ణం పల్చగా కాకుండా, కొత్త బెల్లం వాసన తెలిసేలా ఉంటాయి, నెయ్యి విషయంలో పిసినారితనం లేదు. శ్రీరామనవమి నాడు మాత్రం వచ్చినవారందరికీ డబ్బు తీసుకోకుండా పానకం, వడపప్పు పెడతారు. పానకంలో యాలకుల కంటే మిరియాలు ఎక్కువ వేయడం నా నాలుకకు సరిగ్గా సరిపోయింది. ఆ ఎండలో, ఉప్పుటేరు వైపు నుంచి పైరగాలి అప్పుడే మొదలవుతుండగా, చల్లని కుండ నీటితో కలిపిన ఆ బెల్లపు ఘాటు గొంతులో దిగుతుంటే రెండో గ్లాసు అడగకుండా ఉండటం కష్టం.

వెళ్ళాలనుకునేవారికి కొన్ని వివరాలు. వడ్డన మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర వరకే. రెండు దాటితే కూర అయిపోయే అవకాశం ఎక్కువ. సందు ఇరుకు కాబట్టి కారు వంతెనకు ఇవతలే ఆపుకుని నడవడం మంచిది. డబ్బు చేతికి ఇవ్వవచ్చు, ఫోన్‌పే కూడా ఉంది. పనసపొట్టు, మామిడికాయ కొబ్బరి పచ్చడి పార్సిల్ ఇస్తారు. పొట్టు కూర తీసుకువెళ్ళేవారు ఆవముద్దను విడిగా పొట్లం కట్టి ఇమ్మని అడగండి, సంతోషంగా ఇస్తారు. ఇంటికి వెళ్ళాక కూర కొద్దిగా వేడిచేసి, పొయ్యి కట్టేశాక దాన్ని కలుపుకుని, అదే పూట తినేయాలి.