క్రాస్‌బో: చాలాకాలం వాడాక

సీతంపేట ఏజెన్సీలో సవర గిరిజనుల విల్లంబులు చూసిన కళ్ళకి క్రాస్‌బో, అంటే తుపాకీలా ట్రిగ్గర్ ఉన్న అడ్డవిల్లు, ఓ మోత బరువు. నారి లాగడానికి 175 పౌండ్ల బలం పట్టే రికర్వ్ రకం (బద్దల కొసలు ముందుకి వంగినది) మూడు కేజీల దాకా తూగుతుంది. కానీ వింటికి గురి కుదిరేదాకా నారిని చెయ్యే పట్టి ఉంచాలి. ఇక్కడ ఆ పని ట్రిగ్గర్ లోపలి కొక్కెం చేస్తుంది. దీని గొప్పంతా అక్కడే ఉంది. కొత్తవాళ్ళకైనా కొద్దిరోజుల్లోనే 20 మీటర్లలో గురి నిలుస్తుంది. వింటితో ఆ నిలకడ రావాలంటే నెలలు పడుతుంది.

దెబ్బ కూడా చిన్నది కాదు. 26 గ్రాముల బాణం సెకనుకి 90 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి 105 జూళ్ళు. 4.5 మి.మీ. ఎయిర్‌గన్ మామూలుగా 20 జూళ్ళు దాటదు. అలాగని తుపాకీతో పోల్చకండి. 30 మీటర్లకి గురి సరిచేసి 40 మీటర్లలో కొడితే బాణం జానెడు పైనే కిందికి దిగిపోతుంది. దూరం అంచనా తప్పితే గురి తప్పినట్టే.

అసలు లోపం రెండో బాణం. ఎంత చురుగ్గా చేసినా నిమిషానికి రెండు, మహా అయితే మూడు. 1346లో ఫ్రాన్స్‌లోని క్రెసీ యుద్ధంలో జెనోవా క్రాస్‌బో సైనికులు ఇంగ్లిష్ పొడవు విల్లుల ముందు నిలవలేకపోవడానికి ఇదీ ఒక కారణం.

నారి ఎక్కించేటప్పుడు ముందున్న ఇనుప రికాబులో పాదం పెట్టి, కొక్కేల తాడుతో రెండు చేతులా సమానంగా లాగాలి. తాడు వాడితే బరువు సగమవుతుంది. ఒట్టి చేతులతో లాగితే నారి నడిమధ్యన కూర్చోదు, బాణం ఒక పక్కకే పోతుంటుంది. చాలామంది గురి చూసే సైట్‌ని తిట్టుకునేది ఇక్కడే. వదిలేటప్పుడు బొటనవేలు బాణం జారే పట్టాకి కిందే ఉండాలి. పైకి వస్తే నారి దాన్ని కోసేస్తుంది. బాణం లేకుండా ట్రిగ్గర్ నొక్కితే ఆ శక్తంతా వంగే వింటి బద్దల మీదే పడి అవి చీలిపోతాయి. ఎక్కించిన నారిని దించాలంటే పాత బాణం ఒకటి పెట్టి మెత్తటి నేలలోకి వదిలేయడమే మార్గం.

కళింగపట్నం వైపు ఉప్పుగాలికి ముందు పాడయ్యేది ట్రిగ్గర్ స్ప్రింగులు. పొడిగుడ్డతో తుడిచి, పల్చటి మెషీన్ ఆయిల్ ఒక్క చుక్క వేస్తే చాలు. కొబ్బరినూనె మాత్రం వద్దు, జిగురై ఇసుక పడుతుంది. నారికి 10–15 బాణాలకోసారి మైనం రాయాలి, మధ్యలో దారం చుట్టిన భాగం వదిలేసి. ఆ చుట్టు తెగడం మొదలైతే నారి మార్చేయండి. వేసవిలో మూసిన కారులో పెడితే బద్దల పొరలు విడిపోతాయి.

గురిపలకకి గోనెసంచిలో పాత చీరలు కుక్కితే సరి. నెల్లిమర్ల జూట్ మిల్లుల జిల్లాలో గోనెలకి కరువా! సంచి వెనక మట్టిగట్టు ఉండాలి. వేట ఆలోచన ఉంటే మానుకోండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.