లావోస్‌లో చివరి ఐదు రోజులు: వియెంటియాన్‌ని ఒక్క రాత్రితో సరిపెట్టకండి

మూడు వారాల లావోస్ ప్రయాణంలో ఇంక ఐదు రోజులే మిగిలాయి. తిరుగు విమానం వియెంటియాన్ నుంచి. దారిలో ఎవరిని అడిగినా ఒకటే మాట: రాజధానిలో చూడ్డానికేం లేదు, ఒక్క రాత్రి చాలు, మిగతా రోజులు దారిలో ఉన్న పర్యాటక ఊరు వాంగ్ వియెంగ్‌కి ఇచ్చెయ్ అని. నేను వాంగ్ వియెంగ్ వదిలేసి లువాంగ్ ప్రబాంగ్‌కి రెండు రాత్రులు, వియెంటియాన్‌కి మూడు రాత్రులు పెట్టుకున్నాను. అలా చేసినందుకు ఇప్పటికీ సంతోషంగానే ఉంది.

లువాంగ్ ప్రబాంగ్ గురించి కొత్తగా చెప్పేదేముంది, మెకాంగ్, నామ్ ఖాన్ నదులు కలిసేచోట ఉన్న ఈ పాత ఊరిని 1995లోనే యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. నేను దిగింది ఒక కుటుంబం నడిపే చెక్క ఇంట్లో, రాత్రికి రెండు లక్షల కిప్పులు. అంకె చూసి కంగారుపడకండి, రూపాయికి దాదాపు 250 కిప్పులు వచ్చాయి నాకు, అంటే ఎనిమిది వందల రూపాయలు. గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది, ఆ ఇంటి పెద్దావిడకి ఇంగ్లిష్ రాకపోయినా పొద్దున్నే కాఫీ, రెండు అరటిపళ్లు నా గుమ్మం ముందు బల్ల మీద పెట్టి వెళ్లేది. వాట్ సియెంగ్ తోంగ్ గుడి మాత్రం తప్పకుండా చూడండి, పదహారో శతాబ్దం నాటిది, పైకప్పు దాదాపు నేలదాకా వంగి ఉంటుంది, వెనక గోడ మీద అద్దం ముక్కలతో చేసిన చెట్టు ముందు నేను గంటసేపు కూర్చున్నాను. తెల్లవారుజామున బౌద్ధ భిక్షువులు వరుసగా భిక్షకి వెళ్తారు కదా, అది వీధి అవతల నుంచి ఫ్లాష్ లేకుండా చూడండి. కొందరు యాత్రికులు వాళ్ల మొహాల దగ్గరికి ఫోన్లు పెట్టడం చూసి నాకు చాలా బాధేసింది. అది వాళ్ల నిత్య పూజ, ప్రదర్శన కాదు.

క్వాంగ్ సి జలపాతానికి గేటు తెరిచే వేళకే వెళ్లండి, పదింటికల్లా వ్యాన్లు దిగిపోతాయి.

రాత్రి బజారులో ఒక అల్యూమినియం చెంచా కొన్నాను. యుద్ధకాలం నాటి తుక్కు కరిగించి చేసిందని అమ్మే అమ్మాయి చెప్పింది. తేలిగ్గా, బాగుంది అనుకుని సంచిలో వేసుకున్నాను. అప్పటికి అంతే.

రైలు గురించి కాస్త వివరంగా చెప్తాను, ఇక్కడే ఎక్కువమంది ఇబ్బంది పడుతున్నారు. చైనా సరిహద్దు నుంచి వియెంటియాన్ దాకా ఈ లైను 2021 డిసెంబరులో మొదలైంది, అంతకుముందు లువాంగ్ ప్రబాంగ్ నుంచి వియెంటియాన్‌కి కొండదారిలో దాదాపు రోజంతా పట్టే ప్రయాణం ఇప్పుడు రెండు గంటల్లో అయిపోతోంది. నేను ఊళ్లో ఒక ఏజెన్సీకి కమిషన్ ఇచ్చి టికెట్ చెప్పాను, వాళ్లు ముందురోజు రాత్రి తొమ్మిదిదాకా చేతికివ్వలేదు, ఆ టెన్షన్‌తో సాయంత్రమంతా పాడైంది. వీలైతే రైల్వే యాప్‌లో మీరే తీసుకోండి. స్టేషన్ ఊరికి బాగా దూరం, కనీసం గంటన్నర ముందు బయల్దేరండి. పాస్‌పోర్టు చేతిలో ఉంచుకోండి. తనిఖీలో నా దోమల స్ప్రే తీసేసుకున్నారు, చిన్న కత్తి ఉన్నా అంతే. దారిలో చాలాభాగం సొరంగాలే కాబట్టి కిటికీ సీటు కోసం పోటీ పడనక్కర్లేదు.

వియెంటియాన్‌లో మొదటి రాత్రి హాస్టల్ తప్పు ఎంపిక. కింద బార్, పైన పడకలు, రెండింటిదాకా నిద్ర లేదు. పొద్దున్నే నదికి దగ్గరలో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌కి మారిపోయాను. చివరి రోజుల్లో ఒంట్లో ఓపిక తక్కువుంటుంది, పడక దగ్గర పొదుపు చేయకండి.

ఆ రోజే పేలని బాంబుల బాధితులకి సాయం చేసే కోప్ అనే సంస్థ సందర్శకుల కేంద్రానికి వెళ్లాను. ప్రవేశం ఉచితం. 1964 నుంచి 1973 వరకు అమెరికా ఈ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. క్లస్టర్ బాంబుల్లోంచి రాలిన చిన్న బాంబులే దాదాపు 27 కోట్లు, వాటిలో 8 కోట్ల దాకా పేలకుండా మట్టిలో ఉండిపోయాయని అంచనా. అవి ఇప్పటికీ పొలం దున్నేవాళ్లకి, ఆడుకునే పిల్లలకి తగులుతున్నాయి. కోప్ వాళ్లు అలాంటివాళ్లకి కృత్రిమ కాళ్లు, చేతులు అందేలా చూస్తారు. అంతకుముందు జనం చెక్కతో, వెదురుతో, రేకుతో సొంతంగా చేసుకున్న కాళ్లు అక్కడ వేలాడదీశారు. వాటి కింద నిలబడ్డప్పుడు సంచిలో ఉన్న చెంచా గుర్తొచ్చింది. అలాంటి చెంచాలు బాంబుల తుక్కుతోనే సియెంగ్ ఖువాంగ్ రాష్ట్రం ఊళ్లలో చేస్తారట. మూడు వారాలు తిరిగిన దేశం నాకు ఆ గదిలోనే అర్థమవడం మొదలైంది. మీరైతే ప్రయాణం మొదట్లోనే వెళ్లండి.

బుద్ధ పార్కుకి తలాత్ సావ్ బస్టాండులో 14వ నంబరు బస్సు ఎక్కండి, ఆటోవాళ్లు అడిగేదాంట్లో కొంచెమే అవుతుంది. 1958లో మొదలుపెట్టిన ఈ సిమెంటు విగ్రహాల్లో బుద్ధుడితో పాటు శివుడు, విష్ణువు, మూడు తలల ఏనుగు మీద ఇంద్రుడు కనిపిస్తారు. పాతుసాయ్ తోరణానికి అరగంట చాలు. విమానాశ్రయం రన్‌వే కోసం అమెరికా ఇచ్చిన సిమెంటుతో దాన్ని కట్టారు.

తిండి విషయంలో మనవాళ్లకి మంచి కబురు. వెదురు బుట్టలో వచ్చే జిగురు అన్నాన్ని చేత్తో ముద్ద చేసుకుని 'జెవ్'లో అద్దుకుని తినాలి. జెవ్ అంటే మన రోటి పచ్చడే, కాల్చిన టమాటా, కాల్చిన వంకాయ, మిరపకాయలు రోట్లో దంచుతారు. వంకాయ జెవ్ మొదటి ముద్దకే అమ్మ చేసే పచ్చడి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. శాకాహారులు 'బొ సై పా దేక్' అని ముందే చెప్పాలి, పులియబెట్టిన చేప వెయ్యొద్దని అర్థం. చెప్పకపోతే కూరగాయల వంటలోనూ వేస్తారు.

సాయంత్రాలు మెకాంగ్ గట్టున గడిచిపోయాయి. జనం పాటలు పెట్టుకుని గుంపులుగా వ్యాయామం చేస్తుంటే, అవతలి ఒడ్డున థాయిలాండ్ దీపాలు వెలిగేవి.

కిప్పులు దేశం దాటితే మార్చుకోవడం చాలా కష్టం. చివరి రోజు పొద్దున టాక్సీకి సరిపడా ఉంచుకుని, మిగిలినవన్నీ మళ్లీ కోప్‌కి వెళ్లి హుండీలో వేసి, అక్కణ్ణుంచే విమానాశ్రయానికి వెళ్లాను.