ప్రధాన కార్యాలయం ఏది వస్తే మేలు: క్రీడా సంస్థదా, కంపెనీదా?

సచివాలయం హైదరాబాదు నుంచి వెలగపూడికి తరలివచ్చిన 2016లో, ఆ తర్వాతి రెండు మూడేళ్లలో, శుక్రవారం సాయంత్రం గుంటూరు స్టేషనులో లింగంపల్లి వెళ్లే ఇంటర్‌సిటీ కోసం నిలబడిన వారికి ఒక దృశ్యం తప్పక గుర్తుండి ఉంటుంది. భుజాన సంచీ, చేతిలో ఖాళీ టిఫిన్ క్యారియరు, మెడలోంచి ఇంకా తీయని గుర్తింపు కార్డుతో ప్లాట్‌ఫారం నిండా ఉద్యోగులే ఉండేవారు. సోమవారం ఉదయం అవే క్యారియర్లు పచ్చళ్లతో, పొడులతో నిండుగా దిగేవి. ప్రభుత్వం వారానికి అయిదు రోజుల పనిదినాలు ఇచ్చింది, వసతి కల్పించింది, రైలు కూడా వేసింది. అయినా పిల్లల బడి హైదరాబాదులో, భార్య లేదా భర్త ఉద్యోగం హైదరాబాదులో, కంతులు కడుతున్న ఇల్లు హైదరాబాదులో ఉన్నప్పుడు, కార్యాలయం కదిలినంత తేలికగా కుటుంబం కదలలేదు.

ఈ అనుభవం మన కళ్లముందే ఉంది కాబట్టి, 2025 మే 2న అమరావతి పనులు పునఃప్రారంభమైన దగ్గరనుంచి విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో వినిపిస్తున్న రెండు ఆశలను కొంత జాగ్రత్తగా తూచవలసి ఉంటుంది. ఒకటి, పెద్ద స్టేడియంతో, క్రీడా సంస్థల కార్యాలయాలతో ఈ ప్రాంతాన్ని క్రీడల కేంద్రంగా చేయడం. రెండవది, పెద్ద కంపెనీలకు భూమి, రాయితీలు ఇచ్చి వాటి కార్యాలయాలను ఇక్కడికి రప్పించడం. రెండూ కావాలని అందరూ అంటారు. కానీ ఎకరం భూమిని ఒకసారే ఇవ్వగలం, ఖజానా రూపాయిని ఒకసారే ఖర్చుపెట్టగలం. అందుకే ఏది మేలు అన్న ప్రశ్న తప్పదు.

తూచడానికి రాయి మన ఊళ్లోనే దొరుకుతుంది. 1975 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన పొగాకు బోర్డుకు ప్రధాన కార్యాలయం గుంటూరు. దేశం మొత్తానికి సంబంధించిన ఒక కేంద్ర సంస్థ ఢిల్లీలోనో, చెన్నైలోనో కాకుండా గుంటూరులో ఎందుకు కూర్చున్నదంటే, అంతకుముందు ఎన్నో దశాబ్దాలుగా పొగాకు వ్యాపారం, ఆకును వేడితో ఆరబెట్టే బేరన్ల గురించి తెలిసిన మనుషులు, ఆకును వాసన చూసి ధర చెప్పగలిగిన గ్రేడర్లు ఇక్కడే ఉన్నారు గనుక. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం విభజన తర్వాత హైదరాబాదు రాజేంద్రనగర్ నుంచి గుంటూరు పక్కనున్న లాంకు వచ్చి స్థిరపడగలగడానికీ కారణం అలాంటిదే: లాంలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం అప్పటికే ఉంది, పక్కనే మిర్చి యార్డు ఉంది. పని ముందు ఉన్నచోటికి కార్యాలయం వెనక వచ్చింది. ఈ కొలతతో రెండు ఆశలనూ చూద్దాం.

ముందుగా స్టేడియం సంగతి, ఎందుకంటే అందరికీ మొదట కనిపించేది అదే, తేలికగా తేల్చగలిగేదీ అదే. 2002 నవంబరు 24న ఇందిరా గాంధీ మునిసిపల్ స్టేడియంలో భారత్, వెస్టిండీస్ వన్డే జరిగింది; మార్లన్ శామ్యూల్స్ సెంచరీ కొట్టాడు, మనం మ్యాచ్‌తో పాటు సిరీస్ కూడా ఓడిపోయాం. ఆ ఒక్క రోజు గురించి విజయవాడ ఇప్పటికీ మాట్లాడుకుంటుంది, అంటే అలాంటి రోజులు ఎంత అరుదో అర్థం చేసుకోవచ్చు. మంగళగిరి దగ్గర నవులూరు క్రికెట్ స్టేడియం ఏళ్ల తరబడి అసంపూర్తిగా నిలిచిపోయిన విషయం ఆ దారిన వెళ్లే ప్రతివారికీ తెలుసు. మూలపాడు మైదానంలో 2016లో మహిళల అంతర్జాతీయ మ్యాచ్‌లు జరిగాయి. అంతకంటే పెద్ద మైదానమున్న విశాఖకు ఢిల్లీ క్యాపిటల్స్ రెండవ సొంత మైదానం హోదా దక్కినా, 2024లో రెండు ఐపీఎల్ మ్యాచ్‌లు, 2025లో మరో రెండు మాత్రమే ఆ జట్టు అక్కడ ఆడింది. మిగిలిన మూడు వందల అరవై రోజులూ గడ్డికి నీళ్లు పెట్టవలసిందే.

అమెరికాలో ఈ ఆట ఇంకా ఖరీదైనది. 2020లో ఓక్లాండ్ నుంచి రైడర్స్ ఫుట్‌బాల్ జట్టును లాస్ వేగాస్ తీసుకుపోయింది. అందుకోసం హోటల్ గదులపై పన్ను ద్వారా 75 కోట్ల డాలర్ల ప్రజాధనాన్ని స్టేడియానికి ఇచ్చింది. ఓక్లాండ్ పరిస్థితి మరీ చిత్రమైనది. ఇదే జట్టును 1995లో వెనక్కి రప్పించడానికి స్టేడియాన్ని విస్తరించి చేసిన అప్పును, జట్టు మళ్లీ వెళ్లిపోయిన తర్వాత కూడా అక్కడి నగరం, కౌంటీ తీరుస్తూ రావలసి వచ్చింది. 2019లో అదే ఊరి వారియర్స్ బాస్కెట్‌బాల్ జట్టు శాన్ ఫ్రాన్సిస్కోకు, 2024 సీజన్ చివర అథ్లెటిక్స్ బేస్‌బాల్ జట్టు శాక్రమెంటోకు వెళ్లాయి. అల్లుడు వెళ్లిపోయినా కట్నం బాకీ మిగిలిందన్నమాట.

స్టేడియం వేరు, క్రీడా సంస్థ ప్రధాన కార్యాలయం వేరు. ఈ తేడాను మన చర్చల్లో తరచుగా మర్చిపోతున్నాం. స్విట్జర్లాండులోని లోజాన్ నగర జనాభా సుమారు లక్షా నలభై వేలు, అంటే గుంటూరులో నాలుగో వంతు కూడా కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1915లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ తటస్థ దేశమని అక్కడికి చేరింది. ఆ తర్వాత ఒక్కొక్క క్రీడా సమాఖ్య దాని వెంట వచ్చింది: విలువిద్య, వాలీబాల్, చదరంగం సహా యాభైకి పైగా అంతర్జాతీయ సంస్థలు అక్కడున్నాయి. లోజాన్ చేసిన తెలివైన పని ఏమిటంటే, ఒలింపిక్ కమిటీ, నగరం, వో రాష్ట్రం కలిసి 2006లో ఒక ఉమ్మడి భవనం తెరిచి, చిన్న సమాఖ్యలకు అందులో కార్యాలయాలు అద్దెకిచ్చాయి. పదిమంది ఉద్యోగులున్న సంస్థకు సొంత భవనం అక్కర్లేదు. నాలుగు గదులు, పంచుకోవడానికి ఒక సమావేశ మందిరం, పక్కనే అదే పని చేసే మరో సంస్థ ఉంటే చాలు. సమాఖ్యలు వచ్చాక క్రీడల న్యాయవాదులు, డోపింగ్ పరీక్షల నిపుణులు, క్రీడా నిర్వహణ కోర్సులు ఆ వెంటే వచ్చి చేరాయి.

అయితే క్రీడా సంస్థలు కూడా పన్ను లెక్క చూసుకుంటాయని మర్చిపోకూడదు. 1909లో పుట్టిన నాటి నుంచి లార్డ్స్‌ను అంటిపెట్టుకుని ఉన్న అంతర్జాతీయ క్రికెట్ మండలి 2005లో దుబాయి వెళ్లడానికి ప్రధాన కారణం బ్రిటన్‌లో పన్ను వెసులుబాటు దొరకకపోవడమే. దుబాయికి క్రికెట్ చరిత్ర లేదు, కానీ విమానాలున్నాయి, అప్పట్లో పన్ను లేదు, మూడు గంటల దూరంలో భారత్, పాకిస్తాన్ ఉన్నాయి. మనకు ఈ మూడింటిలో ఏదీ ఆ స్థాయిలో లేదు కాబట్టి, అంతర్జాతీయ మండలులు గన్నవరంలో దిగుతాయని కలలు కనడం వ్యర్థం. మనం చూడవలసిన నమూనా టెక్సాస్‌లోని ఫ్రిస్కో. డల్లాస్ కౌబాయ్స్ జట్టు 2016లో తన కార్యాలయాన్ని, శిక్షణ కేంద్రాన్ని ఆ పట్టణానికి మార్చినప్పుడు, అందులోని ఇండోర్ మైదానాన్ని ఆ ఊరి బడిపిల్లలు కూడా వాడుకునేలా పాఠశాలల బోర్డు ముందే ఒప్పందం చేసుకుంది. మ్యాచ్‌లు ఆడే పెద్ద స్టేడియం వేరే ఊళ్లో ఉంది; ఫ్రిస్కోకు దక్కింది ఏడాది పొడవునా జరిగే సాధన. అమెరికా గోల్ఫ్ వృత్తి క్రీడాకారుల సంఘం కూడా 2018లో ఫ్లోరిడా వదిలి అక్కడికే వస్తానని ప్రకటించి, 2022లో వచ్చింది.

ఇక కంపెనీల వైపు చూస్తే లాభం పెద్దది, ప్రమాదమూ పెద్దదే. విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వాలని 2025 ఏప్రిల్‌లో మంత్రివర్గం నిర్ణయించినప్పుడు, ప్రతిగా వినిపించిన మాట పన్నెండు వేల ఉద్యోగాలు. ఏ క్రీడా సమాఖ్యా దేశంలో ఎక్కడా ఇన్ని ఉద్యోగాలు ఇవ్వలేదు, ఇవ్వజాలదు కూడా. గన్నవరం పక్కన కేసరపల్లిలో హెచ్‌సీఎల్ ప్రాంగణానికి 2018లో శంకుస్థాపన జరిగాక, చుట్టూ హాస్టళ్లు, మెస్సులు, కర్రీ పాయింట్లు ఎలా మొలిచాయో చూసినవారికి జీతం అనేది ఊళ్లో ఎన్ని చేతులు మారుతుందో వేరుగా చెప్పక్కర్లేదు.

కానీ ఇచ్చే మాట వేరు, నిలిచే కాలం వేరు. బోయింగ్ 2001లో తన ప్రధాన కార్యాలయాన్ని సియాటిల్ నుంచి షికాగోకు మార్చింది. డల్లాస్, డెన్వర్ నగరాలతో పోటీపడి గెలిచిన షికాగో, ఇల్లినాయి రాష్ట్రం కలిసి ఇరవై ఏళ్ల కాలానికి ఆరు కోట్ల డాలర్లకు పైగా ప్రోత్సాహకాలు ఒప్పుకున్నాయి. వచ్చింది సుమారు అయిదు వందలమంది. విమానాలు తయారుచేసే వేలాదిమంది సియాటిల్ పరిసరాల్లోనే ఉండిపోయారు. ఇరవై ఏళ్ల గడువు తీరిన కొద్ది నెలలకే, 2022 మేలో, ఆ కార్యాలయం వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌కు వెళ్తున్నట్టు ప్రకటన వెలువడింది. అమెజాన్ 2017లో రెండవ ప్రధాన కార్యాలయానికి చోటు కావాలని చాటింపు వేస్తే 238 ప్రతిపాదనలు వచ్చిపడ్డాయి. దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీలు చూపి సగం వాటా గెలిచిన న్యూయార్కు, స్థానికుల వ్యతిరేకత తర్వాత 2019 ఫిబ్రవరిలో దాన్ని పోగొట్టుకుంది.

మా మేనల్లుడి కథ ఇంత పెద్దది కాదు. విజయవాడ పరిసరాల్లో ఒక సంస్థ కార్యాలయం తెరిస్తే, బెంగళూరు ఉద్యోగం మానుకుని వచ్చి చేరాడు. పటమటలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు, కూతుర్ని బడిలో వేశాడు. రెండేళ్ల తర్వాత ఒక మంగళవారం మధ్యాహ్నం మెయిలు వచ్చింది: ఇక్కడి బృందాన్ని హైదరాబాదు బృందంలో కలుపుతున్నామని, నెలలోగా రిపోర్టు చేయాలని. బడి ఫీజు అప్పటికే ఏడాదికి కట్టేశారు. ఆ కార్యాలయం ఇచ్చిన ఉద్యోగం నిజం, అది వెళ్లిపోయిందన్నదీ అంతే నిజం. ఆ సంస్థను నిందించి లాభం లేదు, ఎందుకంటే దాన్ని ఈ ఊరికి కట్టిపడేసే పని ఏదీ ఇక్కడ లేదు. అదే పనిని ఎక్కడ కూర్చుని చేసినా ఒక్కటే.

అందుకే నా అభిప్రాయంలో ప్రధాన కార్యాలయమన్న బోర్డుకు మనం ఇవ్వవలసిన విలువ తక్కువ, దాని కింద జరిగే పనికి ఇవ్వవలసిన విలువ ఎక్కువ. 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయం విశాఖకు వెళ్లినప్పుడు విజయవాడలో కొంత నిరాశ కలిగిన మాట నిజమే. కానీ రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపు ఎక్కడికీ పోలేదు, జంక్షనులో ఆగే బళ్లూ తగ్గలేదు. ఆ వర్క్‌షాపు ఇచ్చే జీతాల మీద బతికే ఇళ్లను చూస్తే, జోన్ జనరల్ మేనేజరు కుర్చీ ఏ ఊళ్లో ఉందన్నది రెండో సంగతి అవుతుంది. కంపెనీలకు భూమి ఇవ్వవలసి వస్తే ఈ లెక్కనే ఇవ్వాలి: అమ్మకం కాకుండా లీజు, చేర్చుకున్న ఉద్యోగుల సంఖ్యను బట్టి విడతలవారీ రాయితీ, గడువు లోపల వెళ్లిపోతే భూమి వెనక్కి. మిర్చి, పత్తి, శీతల గిడ్డంగులు, ఆటోనగర్ చుట్టూ పెరిగిన రవాణా వంటి వాటికి సంబంధించిన కంపెనీలైతే మరికొంత ఉదారంగా ఉండవచ్చు, ఎందుకంటే వాటి సరుకు ఇక్కడ ఉంది.

ఇంత లెక్కా వేశాక, ఉద్యోగాల సంఖ్యలో కంపెనీదే పైచేయి అని ఒప్పుకుంటూనే, పెట్టిన రూపాయికి నిలకడ చూస్తే మాత్రం నేను చిన్న క్రీడా సంస్థల వైపే మొగ్గుతాను. అయితే ఏ ఆట అన్నది ముఖ్యం. క్రికెట్ కోసం అన్ని ఊళ్లూ పోటీపడతాయి. అక్కడ మనది పదో స్థానం. గుంటూరు పండించిన పంట చదరంగం: 2001లో గ్రాండ్‌మాస్టరై 2004లో ప్రపంచ జూనియర్ విజేతగా నిలిచిన పెంటేల హరికృష్ణ, 2011లో గ్రాండ్‌మాస్టరైన ద్రోణవల్లి హారిక ఇద్దరూ ఆ జిల్లా వారే. ఇటు కృష్ణ వైపు, పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరై, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచిన కోనేరు హంపి ఉన్నారు. విజయవాడకు విలువిద్య ఉంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ, పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ విభాగంలో నాలుగో స్థానం దాకా వెళ్లిన బొమ్మదేవర ధీరజ్ ఇక్కడ పెరిగినవారే. కప్పీలు అమర్చిన విల్లుతో ఆడే కాంపౌండ్ విభాగం 2028 లాస్ ఏంజెలెస్‌లో మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది కూడా.

ఈ రెండు ఆటలకూ కావలసింది చాలా తక్కువ. చదరంగానికి నిశ్శబ్దంగా ఉండే ఒక పెద్ద హాలు, ఏడాదంతా శిక్షకుల జీతాలు, బయటి ఊళ్ల నుంచి వచ్చే పిల్లల తల్లిదండ్రులకు చవకైన వసతి; అవి గుంటూరులో దొరకడం కష్టం కాదు. రాష్ట్ర సంఘాల్లో అనేకం కార్యదర్శి ఇంటి చిరునామాతోనే నడుస్తుంటాయి కాబట్టి, లోజాన్ లాగా ఒక ఉమ్మడి భవనం చూపిస్తే వచ్చేవాళ్లకు కొదవ ఉండదు. మంగళగిరిలో ఎయిమ్స్ ఉండటం గాయాల చికిత్సకు అదనపు సౌకర్యం. విలువిద్యకైతే రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు) గురి డెబ్బై మీటర్లు, కాంపౌండ్ గురి యాభై మీటర్లు, గురి వెనుక బాణం తప్పిపోకుండా మట్టికట్ట, పక్కన నీడ. నదీ తీరపు గాలి ఉన్న చోట ఉదయం ఆరింటికి పిల్లలు సాధన చేస్తుంటే వినబడేది రెండే చప్పుళ్లు, వింటినారి వదిలిన టంకారం, ఆ వెంటనే గురిలో దిగిన బాణం మెత్తని దెబ్బ. సాధన అయ్యాక వాళ్లు బాణాలు లాగి తెచ్చుకుని, పుస్తకాల సంచులు తగిలించుకుని, అక్కడి నుంచే బడికి పోతారు.