దిండిలో రూము మోసం, గబ్బిలాలు మాత్రం సూపరు

పాలకొల్లులో రైలు దిగి, ఆటోకి 450 ఇచ్చి చించినాడ బ్రిడ్జి మీదుగా దిండి వచ్చాం, అంతవరకు బానే ఉంది. గొడవంతా కాటేజీ దగ్గరే. రివర్ వ్యూ అని 5,800 కట్టించుకున్నారా, కిటికీ తీస్తే గోదారి లేదు, గుర్రపుడెక్క పట్టిన కాలవ ఉంది. ఇదేంటయ్యా అంటే రిసెప్షన్లో కుర్రాడు "కాలవలో పారేదీ గోదారి నీళ్లే కదండి" అన్నాడు. ఏసీ చల్లబడదు, ఫ్రీ టిఫినుకి తొమ్మిదింటికి వెళ్తే చట్నీ అయిపోయింది. మా ఆవిడ మూతి ముడుచుకుంది, బావమరిదేమో వన్ స్టార్ రివ్యూ టైపు చేస్తూ కూచున్నాడు.

అంతర్వేది దర్శనం సాఫీగా అయిపోయింది.

సాయంత్రం ఆ కాలవలోనే నాటు పడవాయన "గబ్బిలాలు చూస్తారా బాబుగారూ, మనిషికి వంద" అన్నాడు. మా ఆవిడ ఛీ అంది గానీ పిల్లాడు ఎక్కేశాడు, ఇంక అందరం ఎక్కాం. రెండు గట్ల మీది చెట్లూ పైన కలిసిపోయి గుహలా ఉన్నచోట గెడ ఆపాడు. ముందు వాసన కొట్టింది. తలెత్తితే కొమ్మకొమ్మకీ అవే, పాతిళ్లలో తిరిగే చిన్నవి కాదండోయ్, రెక్కలు చాపితే నాలుగడుగులుండే రకం. ఉక్కకి రెక్కతో విసురుకుంటున్నాయి. ఒకటి ఉన్నట్టుండి తిరగబడి, రెక్కల మీది బొటనవేలి గోళ్లతో కొమ్మ పట్టుకుని, తల పైకెట్టి వేలాడింది, ఏంటా అనుకునేలోపు బావమరిది చొక్కా మీద పోసేసింది. "ఆయ్, తలకిందులుగా పోస్తే దాని మొహం మీదే పడద్ది కదండి" అన్నాడు పడవాయన. మా ఆవిడ అప్పుడు నవ్వింది, హమ్మయ్య.

ఇవి శబ్దంతో దారి వెతుక్కునేవి కాదు, కళ్లతో, వాసనతో పండ్లు పట్టేస్తాయి. మామిడి తోటలోళ్లు తిట్టుకుంటారు, కానీ అడవిలో గింజలు చల్లేదీ ఇవే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వీటిని ఎలకలు, కాకులతో కలిపి హానికర జంతువుల లిస్టులో పెట్టారు, 2022 సవరణతో ఆ లిస్టే తీసేశారు, మంచి పని. చీకటి పడుతుంటే గుంపుగా లేచాయి, కొన్ని కిందికొచ్చి పొట్ట నీళ్లకి తాకించి పోయాయి, తర్వాత ఆ తడి నాక్కుంటాయి, అదే వాటి మంచినీళ్లు.

వెళ్తే అయిదున్నరకి వెళ్లండి, టోపీ పెట్టుకోండి, పైకి చూసేప్పుడు నోరు ముయ్యండి. రాళ్లు విసరొద్దు, అవి కొరికి పడేసిన పండ్లు పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు. రూము మాత్రం పాలకొల్లులోనే తీసుకోండి, మేం మర్నాడు మారిన లాడ్జి 1,400, వ్యూ ఏం లేదు, ఉందని చెప్పలేదు కూడా.