స్పీకర్లు కొంటున్నారా? వాట్లు చూసి మోసపోకండి, ఓమ్స్ అడగండి

ఇంట్లో మంచి సౌండ్ సిస్టం పెట్టుకోవాలనుకునే వాళ్లు ఇది చదివాకే షాపుకి వెళ్లండి. మాకు అంటగట్టిన జత ఇంకెవరికీ అంటగట్టకూడదని రాస్తున్నాను. ఓమ్స్ అంటే కరెంటుకి స్పీకర్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె. అది ఎంత తగ్గితే స్పీకర్ అంత ఎక్కువ కరెంటు లాగుతుంది.

రిసీవర్‌తో (స్పీకర్లని నడిపే యాంప్లిఫయర్ ఉన్న పెట్టె) పాటు హాల్లోకి రెండు, డైనింగ్ వైపుకి రెండు స్పీకర్లు షాపాయనే ఎంచి ఇచ్చాడు. "వాట్లు బోలెడున్నాయి సార్, ఏ స్పీకరైనా లాగేస్తుంది" అన్నాడు. ఫిట్టింగ్‌కి వచ్చిన కుర్రాడు ఎడమవైపువి రెండూ ఒకే టెర్మినల్‌కి, కుడివైపువి రెండూ ఇంకో టెర్మినల్‌కి కలిపేసి, ఒక పాట వినిపించి వెళ్లిపోయాడు. తక్కువ సౌండ్‌లో బాగానే మోగింది. చుట్టాలొచ్చిన రోజు వాల్యూం పెంచగానే ఆగిపోయింది. ఫోన్ చేస్తే "ఏం కాదు, ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. అలా రెండు మూడు సార్లు చేశాక ఒక ఛానల్ పూర్తిగా చచ్చిపోయింది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోయాయని, లోడ్ (తగిలించిన స్పీకర్లు) తప్పు కాబట్టి వారంటీ రాదని సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పారు.

ఆ రిసీవర్ వెనక "6 నుంచి 16 ఓమ్స్" అని అచ్చేసి ఉంది. ఇచ్చిన స్పీకర్లేమో 4 ఓమ్స్‌వి. ఒక్కటి పెట్టినా తక్కువే, రెండు ప్యారలల్‌గా, అంటే మాకు చేసినట్టు ఒకే టెర్మినల్‌కి, కలిపితే 2కి పడిపోతుంది. యాంప్లిఫయర్ 20 వోల్టులు ఇస్తున్నప్పుడు 8 ఓమ్స్ స్పీకర్ 2.5 ఆంపియర్లు లాగితే, 2 ఓమ్స్ లోడ్ 10 ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటు పోతే రిసీవర్ లోపల వేడి బాగా పెరుగుతుంది. అందుకే అది తనంతట తాను ఆగిపోతే మళ్లీ ఆన్ చేయకండి, ముందు వైర్లు విప్పి చూడండి.

స్పీకర్ వెనకున్న అంకెని కూడా గుడ్డిగా నమ్మొద్దు. ఫ్రీక్వెన్సీని బట్టి ఓమ్స్ మారుతూ ఉంటాయి. ఐఈసీ (ఎలక్ట్రికల్ వస్తువులకి అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టే సంస్థ) ప్రమాణం ప్రకారం 8 ఓమ్స్ స్పీకర్ 6.4 కంటే కిందికి దిగకూడదు. కానీ 4 దాకా దిగేవాటిని కూడా "8 ఓమ్స్ కంపాటిబుల్" అని అమ్ముతున్నారు. ఆ కంపాటిబుల్ అన్న మాట కనిపిస్తే మినిమం ఎంతో అడగండి. మల్టీమీటర్ ఉంటే పట్టుకెళ్లండి. వైరు తగిలించని స్పీకర్ మీద పెడితే 8 ఓమ్స్‌ది దాదాపు 6 చూపిస్తుంది, 4 ఓమ్స్‌ది 3 పైన ఎక్కడో ఆగుతుంది.

రెండు జతల స్పీకర్లకి ఏ, బీ అని వేరువేరు బటన్లున్న రిసీవర్ అయితే రెండూ కలిపి నొక్కినప్పుడు చాలావాటిలో ప్యారలల్ అవుతుంది. 6 ఓమ్స్ మినిమం ఉన్నదానికి అప్పుడు ఒక్కో స్పీకరూ 12 అయినా ఉండాలి. అంటే మామూలు 8 ఓమ్స్ జతలు రెండు కూడా పనికిరావు. ఈ ముక్క షాపుల్లో ఎవరూ చెప్పరు.

"ఫిట్టింగ్ ఫ్రీగా చేశాం, మాకు సంబంధం లేదు" అన్నది ఇప్పుడు షాపాయన జవాబు. బిల్లులో ఫిట్టింగ్ ఊసే లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మీరు మాత్రం డబ్బు కట్టేముందే స్పీకర్ల మోడల్, ఓమ్స్, ఫిట్టింగ్ వాళ్లదే అన్న మాట, ఈ మూడూ బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే వేరే షాపుకి వెళ్లండి.