ఐదు వందల ఓబీడీ అడాప్టర్‌తో రేడియేటర్ ఫ్యాన్ లోపం తేలుతుందా?

ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకు దొరికే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (కారులోని ఓబీడీ సాకెట్‌లో పెడితే ఇంజన్ కంప్యూటర్ చెప్పేది ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) ఒక్కటుంటే బండిలో ఏ జబ్బైనా ఇంట్లోనే కనిపెట్టేయొచ్చు అన్నట్టు అమ్ముతున్నారు. రేడియేటర్ ఫ్యాన్ తిరగక ఇంజన్ హీటెక్కే బండికి ఇది పనికొస్తుందా అంటే పనికొస్తుంది, కానీ సగం దూరమే. మిగతా సగానికి ఒక మల్టీమీటర్, ఒక పాత హెడ్‌లైట్ బల్బు దగ్గరుండాలి. అవి లేకుండా దీన్ని ఒక్కదాన్నే నమ్మితే బాగున్న సెన్సర్ మార్చేసి, కాలిపోయిన మోటార్‌ను అలాగే వదిలేసే ప్రమాదం ఉంది.

ముందు వస్తువు సంగతి. పెట్టె మీద ఈఎల్ఎం327 అని ఉంటుంది, అది లోపలి చిప్ పేరు. ఆ చిప్‌ను రూపొందించిన కెనడా సంస్థ ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ 2022లో మూతపడింది. ఈ ధరకు వచ్చేవన్నీ నకళ్లే. 'వెర్షన్ 1.5' అని గొప్పగా రాసుకున్నవీ అంతే, ఆ సంస్థ 1.5 అనే వెర్షన్‌ను అసలు విడుదలే చేయలేదు. 2.1 అని రాసిన చవక రకాల్లో బండి కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతులు (ప్రోటోకాల్స్) కొన్ని ఎగ్గొట్టి ఉంటాయి, పాత బండ్లతో మాట కలపవు. మన దేశంలో కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. ఆ తర్వాతి బండి అయితే చాలావరకు ఇబ్బంది ఉండదు. నకలు కాబట్టి నిదానంగా చదువుతుంది కానీ, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి కూడా నిదానంగానే మారుతుంది కదా, ఈ పనికి ఆ వేగం చాలు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో పెయిరింగ్ పిన్ 1234 లేదా 0000. టార్క్, కార్ స్కానర్ లాంటి యాప్‌లు చాలు. ఐఫోన్ వాళ్లు మామూలు బ్లూటూత్ రకం కొంటే డబ్బు దండగ, బీఎల్ఈ (తక్కువ కరెంటు వాడే బ్లూటూత్ రకం) అని గానీ వైఫై అని గానీ రాసి ఉన్నదే తీసుకోవాలి. పని అయ్యాక సాకెట్లోంచి పీకేయడం మరవద్దు. అందులోని 16వ పిన్‌కు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది.

దీని అసలు విలువ ఒకే ఒక్క అంకెలో ఉంది: కూలెంట్ వేడి, డిగ్రీల్లో. డాష్‌బోర్డు ముల్లు అంత వివరం చెప్పదు. చాలా బండ్లలో అది పెద్ద తేడా వచ్చేదాకా మధ్యలోనే నిలబడుతుంది, కొత్త చిన్న కార్లలో అసలు ముల్లే లేదు, ఎర్ర లైటు వెలిగేసరికి ఆలస్యమైపోతుంది. హైదరాబాద్ సిగ్నళ్ల దగ్గర వేడెక్కి, విజయవాడ హైవే ఎక్కగానే తగ్గిపోతుంటే అనుమానం ఫ్యాన్ మీదే. దీనికి భిన్నంగా హైవే మీదే వేడెక్కుతుంటే రేడియేటర్ పూడిక, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వు), వాటర్ పంప్ చూడాలి. ఈ తేడా యాప్‌లో అంకెతో సహా కనిపిస్తుంది.

పరీక్ష ఇలా చేయాలి. రాత్రంతా ఆగి ఉన్న బండిని ఉదయం స్టార్ట్ చేయకుండా, తాళం ఆన్ చేసి కూలెంట్ వేడి, లోపలికి వెళ్లే గాలి వేడి రెండూ చూడండి. రెండూ నాలుగైదు డిగ్రీల తేడాలో ఉండాలి. కూలెంట్ అంకె ఒక్కటే ఎక్కడో ఉంటే సెన్సర్‌నో, దాని వైరింగ్‌నో అనుమానించాలి. తర్వాత ఏసీ ఆపి ఐడ్లింగ్‌లో వదలండి. ఎక్కువ బండ్లలో 95 నుంచి 100 డిగ్రీల మధ్య ఫ్యాన్ మొదలై, కొన్ని డిగ్రీలు దిగాక ఆగుతుంది. 105 దాటినా తిరగకపోతే ఇంజన్ ఆపేయండి. రేడియేటర్ మూత జోలికి మాత్రం పోవద్దు, వేడి చల్లారేదాకా ముట్టుకోకూడదు.

ఇక్కడ ఒక మాయ ఉంది. కూలెంట్ తక్కువైనా, లోపల గాలి చిక్కుకున్నా సెన్సర్ నీళ్లలో కాకుండా గాలిలో ఉండిపోతుంది. ఇంజన్ కాగిపోతున్నా యాప్‌లో 80 అనే చూపిస్తుంది, ఫ్యాన్ రాదు. అడాప్టర్‌దేం తప్పు లేదు, సెన్సర్ చెప్పిందే అది చెబుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడకుండా ఏ పరీక్షా మొదలుపెట్టకూడదు.

ఇంజన్ కంప్యూటర్ నమోదు చేసి యాప్‌లో చూపించే లోపాల కోడ్‌ల విషయంలో చాలామంది బోల్తా పడతారు. పి0480 వస్తే ఫ్యాన్ కంట్రోల్ సర్క్యూట్‌లో లోపం, పి0117, పి0118 వస్తే కూలెంట్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం, పి0128 వస్తే థర్మోస్టాట్ మూసుకోవడం లేదేమో చూడాలి. బాగానే ఉంది. కానీ ఏ కోడూ లేదంటే ఫ్యాన్ బాగున్నట్టు కాదు. చాలా బండ్లలో ఇంజన్ కంప్యూటర్‌కు రిలే (చిన్న కరెంటుతో ఫ్యాన్ పెద్ద కరెంటును కలిపే స్విచ్) కాయిల్‌కు వెళ్లే సన్న వైరు వరకే తెలుస్తుంది. ఆ రిలే కాంటాక్టులు మాడిపోయినా, ఫ్యూజ్ ఎగిరిపోయినా, మోటార్ బ్రష్‌లు అరిగిపోయినా దానికి తెలియదు. స్క్రీన్ మీద ఏమీ కనిపించకుండానే బండి కాగిపోతుంది. అడాప్టర్ పని ఇక్కడితో అయిపోయింది.

ఇప్పుడు ఏసీ ఆన్ చేయండి. గ్యాస్ సరిపడా ఉంటే చాలా బండ్లలో ఫ్యాన్ వెంటనే తిరగాలి. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే మోటార్ దాదాపు నిర్దోషి, సెన్సర్ వైపు వెతకాలి. రెండు స్పీడుల ఫ్యాన్ అయి, ఎక్కువ స్పీడులో మాత్రమే తిరుగుతుంటే ఫ్యాన్ చట్రానికి బిగించి ఉండే రెసిస్టర్ కాలిపోయి ఉంటుంది. ఇది సాధారణంగా వచ్చే లోపం, దీనికోసం మొత్తం ఫ్యాన్ మార్చక్కర్లేదు.

దేనికీ తిరగకపోతే తాళం తీసి, బోనెట్ కింద ఫ్యూజ్ బాక్సు మూత మీది బొమ్మ చూసి ఫ్యాన్ ఫ్యూజ్, సాధారణంగా 30 లేదా 40 ఆంపియర్లది, పరీక్షించండి. రిలేను అదే పార్టు నంబరున్న పక్క రిలేతో మార్చి చూడండి. దాని కాయిల్‌ను 85, 86 కాళ్ల మధ్య మీటర్‌తో కొలిస్తే 50 నుంచి 120 ఓమ్‌ల మధ్య రావాలి. రిలే పీకిన సాకెట్‌లో 30 నంబరు చోట 12 వోల్టులు ఉండాలి. 30, 87ల మధ్య 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఉన్న మందపాటి వైరు పెడితే ఫ్యాన్ తిరగాలి. పొరపాటున 85, 86లలో పెడితే ఇంజన్ కంప్యూటర్‌కే ముప్పు, నంబరు రెండుసార్లు చూసుకుని పెట్టండి.

ఫ్యాన్ కప్లర్ (మోటార్ వైర్లు కలిసే ప్లగ్గు) దగ్గర మల్టీమీటర్‌ను నమ్మకండి. తుప్పు పట్టి ఒక్క పోగు మిగిలిన వైరు కూడా మీటర్‌లో 12 వోల్టులే చూపిస్తుంది, పది ఆంపియర్లు లాగే మోటార్ మాత్రం కదలదు. అందుకే హెడ్‌లైట్ బల్బు. ఒక ఫిలమెంట్ పోయిన హెచ్4 బల్బు చాలు, 55 వాట్లది నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. కప్లర్ విప్పి, ఏసీ ఆన్‌లో ఉండగా బల్బును రెండు కాళ్లకు తగిలించండి. బాగా వెలిగితే మోటార్ పోయింది. మసకగా వెలిగితే వైరింగ్‌లోనో ఎర్త్‌లోనో (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి) నష్టం ఉంది. వెలగకపోతే రిలే వైపు వెనక్కి వెళ్లాలి. ఎర్త్ మీద అనుమానమైతే ఫ్యాన్ నెగటివ్‌కు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య లోడ్ మీద, అంటే బల్బు వెలుగుతుండగా కొలవండి, అర వోల్టు దాటితే ఎర్త్ శుభ్రం చేయాల్సిందే. ఈ బల్బును కంప్యూటర్ నుంచి వచ్చే సన్న వైర్లకు మాత్రం ఎప్పుడూ తగిలించకండి.

రెండు వందల రూపాయల పసుపు రంగు మల్టీమీటర్లలో పది ఆంపియర్ల సాకెట్ పక్కన 'అన్‌ఫ్యూజ్డ్' అని రాసి ఉంటుంది. ఫ్యాన్ కరెంటును దానిగుండా కొలవకండి, డీసీ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) ఉంటేనే ఆ కొలత. ఇంకొకటి, ఇంజన్ ఆపాక కూడా చాలా బండ్లలో ఫ్యాన్ తనంతట తానే తిరుగుతుంది. బ్లేడ్ల దగ్గర చెయ్యి పెట్టాలంటే కప్లర్ విప్పి ఉండాలి.

రిలే లేకుండా కంట్రోల్ మాడ్యూల్‌తో స్పీడు మారే ఫ్యాన్లకు 30, 87 పద్ధతి వర్తించదు. ఇంజన్ షాఫ్ట్‌తోనే తిరిగే వైరు లేని విస్కస్ ఫ్యాన్ ఉన్న పాత డీజిల్ బండ్లకు వేడి అంకె తప్ప ఈ అడాప్టర్ వల్ల ప్రయోజనం లేదు. ఫ్యాన్‌ను ఫోన్ నుంచే తిప్పి చూసే పరీక్ష కావాలనుకుంటే ఇంకా ఖరీదైన స్కానర్ చూసుకోవాలి, ఈ ధరలో చాలా బండ్లకు అది కుదరదు. మామూలు రిలే ఫ్యాన్ ఉన్న పెట్రోల్ కారైతే మాత్రం అడాప్టర్, మీటర్ కలిపి వెయ్యి లోపే అవుతాయి. రిటర్న్ గడువు ఉండగానే బండికి పెట్టి, కూలెంట్ అంకె వస్తోందో లేదో చూసుకోండి.