నికాన్ 200-500 లెన్స్: చెరువు పిట్టలకు చాలు, అడవి పిట్టలకు ఓపిక కావాలి

పిట్టల ఫొటోల మోజు కొత్తగా పట్టుకున్నవారు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "500 మి.మీ. లెన్స్ సరిపోతుందా?" (ఈ అంకె ఎంత పెద్దదైతే దూరపు పిట్ట అంత దగ్గరగా కనిపిస్తుంది.) నికాన్ 200-500 మి.మీ. ఎఫ్ 5.6 లెన్స్‌ను నేను ఏళ్లుగా వాడుతున్నాను. తిరిగేది ఎక్కువగా నేలపట్టు, పులికాట్, శేషాచలం కొండలు. అంటే చిత్తడి, ఉప్పుగాలి, చీకటి పొదలు, మాడ్చే ఎండ అన్నీ ఈ లెన్స్ చూసింది. నా జవాబు: పొద్దున ఎనిమిదింటి వరకూ సరిపోతుంది. ఆ తర్వాత 800 ఉన్నా సరిపోదు. కారణం కింద చెబుతాను.

ముందు వస్తువు గురించి రెండు మాటలు. 2015లో వచ్చింది. ట్రైపాడ్ పట్టీతో కలిపి బరువు 2,300 గ్రాములు. ముందు అద్దానికి 95 మి.మీ. ఫిల్టర్ పడుతుంది, కాబట్టి అంత పెద్ద ఫిల్టర్ కొనే ఆలోచన మానుకుని హుడ్ (ముందు తగిలించే నీడ గొట్టం) పెట్టుకుంటే చాలు. 200 దగ్గరైనా 500 దగ్గరైనా అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం; అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ) 5.6 లోనే నిలుస్తుంది. ఈ తరహా జూములు చాలావరకు చివరికొచ్చేసరికి 6.3కు జారిపోతాయి. కాగితం మీద ఇది చిన్న తేడా. తెల్లవారుజామున చెరువు గట్టు మీద మాత్రం ఆ కాస్త వెలుతురే విలువైనది. 1.5 క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) ఉన్న కెమెరాకు తగిలిస్తే 750 మి.మీ. లెన్స్‌లో కనిపించేంత దృశ్యమే కనిపిస్తుంది. చిన్న పిట్టల వెంట పడేవారికి అదే పెద్ద ఆకర్షణ.

ఈ లెన్స్ పుట్టిందే నేలపట్టు కోసమా అనిపిస్తుంది నాకు. ఈశాన్య రుతుపవనాలకు చెరువు నిండితే, నీళ్లలో నిలబడిన కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు వాటి పక్కనే కాపురం పెడతాయి. గూడబాతు పెద్ద పక్షి. అది పుల్ల నోట కరుచుకుని దూరాన కనిపించినప్పుడు 500 దగ్గర ఫోకస్ పట్టుకుని, దగ్గరికొస్తున్నకొద్దీ 300కు, తలమీదికి వచ్చేసరికి 200కు తగ్గాలి. లేకపోతే రెక్కల కొసలు తెగిపోతాయి. జూమ్ లేని ఖరీదైన 500 లెన్స్ ఉన్న మిత్రులు అక్కడ రెక్కలు లేని గూడబాతులను తీసుకుని ఇళ్లకు వెళ్తుంటారు. అయితే జూమ్ రింగు ప్రయాణం మరీ పొడుగు. మణికట్టు ఒక్కసారి తిప్పితే 500 నుంచి 200కు రాదు, మధ్యలో పట్టు మార్చాలి. ఎగిరే పక్షి మీద ఆ పట్టు మార్చే క్షణంలోనే కెమెరా కదులుతుంది. దీనికి నేను కనిపెట్టిన ఉపాయం ఏమీ లేదు. ఎగిరే పక్షులకు 350 దగ్గర పెట్టుకుని కూర్చుంటాను, అంతే. షట్టర్ వేగం సెకనులో రెండు వేలవ వంతు, తెల్ల రెక్కలు మాడిపోకుండా ఎక్స్‌పోజర్ కాస్త కిందికి.

ఇక పులికాట్. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. చలికాలంలో రెండు పక్కలా రాజహంసలు (ఫ్లెమింగోలు) ఉంటాయి, కానీ ఎక్కడో దూరంగా, లోతు తక్కువ నీళ్లలో. కొత్తవారు పదింటికి తీరిగ్గా వచ్చి వందల ఫొటోలు తీసి, ఇంటికెళ్లి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూసి, లెన్స్‌లో పదును లేదని తేల్చేస్తారు. కొందరు అమ్మేస్తారు కూడా. పాపం, లెన్స్ తప్పు కాదు. ఎండకు బురదనేల వేడెక్కితే దాని మీది గాలి పొరలు పొరలుగా వేడెక్కుతుంది. ఒక్కో పొర వెలుతురును ఒక్కోలా వంచుతుంది. మధ్యలో ఆ గాలి ఎంత ఎక్కువ ఉంటే పక్షి అంచు అంత అలలాడుతుంది. లెన్స్ ఎంత పొడుగైతే ఆ అలలను అంత పెద్దవి చేసి చూపిస్తుంది. పొద్దుపొడుపు వేళ అదే చోట, అదే లెన్స్‌తో రాజహంస ముక్కు వంపు, కంటి చుట్టూ ఉన్న రంగు స్పష్టంగా వచ్చాయి. ఇంకో సంగతి. కారులోంచి తీసేవారు ఏసీ, ఇంజను రెండూ ఆపి, అద్దాలు దించి కాసేపు ఆగాలి. లోపలి చల్లగాలి, బయటి వేడిగాలి కిటికీ దగ్గరే కలిసినా ఇదే గొడవ.

కొండల్లోకి వెళ్తే కథ మారుతుంది. శేషాచలం రాతి చరియల్లో పసుపు గొంతు పికిలి పిట్ట ఉంటుంది. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని పక్షి అది. మామూలు పికిలి పిట్టలా కరెంటు తీగ మీద కూర్చుని మనకు దర్శనమివ్వదు, పొదలోంచి పొదలోకి జారుకుంటుంది. వలస వేళ వచ్చే పొన్నంకి పిట్టదైతే మరీ నేలబారు బతుకు. చెట్ల నీడలో రాలిన ఆకులను తిరగేసుకుంటూ గెంతుతుంది. అక్కడ వెలుతురు ఎంత తక్కువంటే ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకు స్పందించే స్థాయి) 6400 పెట్టినా షట్టర్ 250వ వంతు దాటదు. లెన్స్‌లోని వణుకు తగ్గించే ఏర్పాటు ఇక్కడ బంగారం. నాలుగున్నర స్టాపుల మేలు అని కంపెనీ చెబుతుంది (ఒక్కో స్టాపుకు షట్టర్ వేగాన్ని సగానికి తగ్గించుకోవచ్చు). నా చేతుల్లో అంత కాకపోయినా మూడు ఖాయం. కాకపోతే అది మన చేతి వణుకును ఆపుతుంది, పిట్ట తల తిప్పడాన్ని ఆపదు. అందుకే నాలుగైదు ఫొటోలు వరుసగా తీసి ఒకటి ఉంచుకోవడం అలవాటైంది.

ఫోకస్ వేగం మధ్యరకం. పొదలో ఒకసారి కొమ్మకు తగులుకుంటే వెతుకులాట మొదలుపెడుతుంది. పక్కన ఉన్న మీటతో ఆరు మీటర్ల లోపలి దూరాన్ని చూడకుండా కట్టడి చేయవచ్చు. చెరువు దగ్గర అలా పెట్టుకుంటాను, అడవిలో మాత్రం తీసేస్తాను. ఎందుకంటే ఇది 2.2 మీటర్ల దగ్గరి నుంచీ ఫోకస్ చేస్తుంది. ఇంటి పెరట్లో మందార పూల మీద వాలే తేనెపిట్టలకు అంతకంటే ఏం కావాలి?

బరువు సంగతి. గంటసేపు చేత్తో పట్టుకోవచ్చు, ఆ తర్వాత భుజం ఊరుకోదు. ట్రైపాడ్ కొండ దారిలో మోయలేం. ఒంటికాలి స్టాండు, అంటే మోనోపాడ్ ఒక్కటే నాకు కుదిరింది.

మన కోస్తా వాతావరణంలో ఈ లెన్స్‌కు అసలు శత్రువు బూజు. జూమ్ చేసినప్పుడు గొట్టం బయటికి సాగుతుంది, ముడిచినప్పుడు లోపలికి పోతుంది. ఆ రాకపోకల్లో తేమగాలి లోపలికి చేరుతుంది. వానాకాలంలో బ్యాగులోనే వదిలేస్తే అద్దాల మీద సాలెగూడులాంటి పోగులు మొలుస్తాయి. డ్రై క్యాబినెట్ (తేమను అదుపు చేసే పెట్టె) ఉంటే తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచాలి. లేనివారికి గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్, చవక తేమమాపకం చాలు. రాత్రి ఏసీ గదిలో పడుకున్న కెమెరాను తెల్లవారి నేరుగా చెరువు గట్టు మీద తీస్తే అద్దమంతా ఆవిరి పట్టేస్తుంది. బ్యాగు మూసే ఉంచి అరగంట బయటి వేడికి అలవాటు చేయాలి.

ఇంత పెద్ద గొట్టం పట్టుకుని ఊరి మధ్య నడిస్తే "ఏ పేపరు సార్ మీది?" అని అడుగుతారు. కాదంటే నమ్మరు. దానికి అలవాటుపడ్డాను. అలవాటుపడలేనిది మరొకటి: చేతిలో 500 ఉండి కూడా గూడు దగ్గరికి వెళ్లేవారిని చూడటం. తల్లి లేచిపోతే ఎండలో గుడ్లు, పిల్లలు నిమిషాల్లో దెబ్బతింటాయి, కాకులు కాచుకునే ఉంటాయి. దూరం నుంచి తీయడానికే కదా ఇంత డబ్బు పోసింది!

ఇప్పుడు కొత్తగా కొనవచ్చా? మిర్రర్‌లెస్ (డీఎస్ఎల్ఆర్‌లా లోపల తిరిగే అద్దం లేని) కెమెరా ఉన్నవారికి అదే కంపెనీ 2023లో 180-600 తెచ్చింది. దాని గొట్టం సాగదు, రింగు కొద్దిగా తిప్పితే చాలు. చివర్లో అపర్చర్ 6.3 అవుతుంది, అయినా డబ్బుంటే అదే తీసుకోమంటాను. పాత డీఎస్ఎల్ఆర్ ఉన్నవారికి 200-500 వాడినది దొరికితే మంచి బేరమే. అడాప్టర్‌తో తర్వాత మిర్రర్‌లెస్‌కూ పనికొస్తుంది. కొనేముందు వెనక మూత తీసి, ఫోను టార్చి ఒక పక్కనుంచి వేసి అద్దాల మధ్య పోగులున్నాయేమో చూడండి. 500 దగ్గర దూరపు బోర్డు మీది అక్షరాలు తీసి చూడండి, అదీ పొద్దున్నే. హుడ్ వదులుగా ఉంటే కంగారుపడకండి, నాదీ అంతే. ఒక చుట్టు టేపు వేశాను.